హైదరాబాద్ చుట్టూ బౌల్డరింగ్: ఎక్కడానికి రాయిని వెతుక్కోవడం ఎలా?

ఈ ఎపిసోడ్ కోసం చాలా రోజులుగా అడుగుతున్నారు. "అన్నా, హైదరాబాద్ దగ్గర రాక్ క్లైంబింగ్ ఎక్కడ చేయొచ్చు? లొకేషన్ పెట్టవా?" అని. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. కొన్ని చోట్ల పేర్లు చెప్తాను, కొన్ని చెప్పను. ఎందుకు చెప్పనో కూడా చెప్తాను. వీడియో అయ్యేసరికి మాత్రం మీ అంతట మీరే ఒక మంచి రాయిని వెతుక్కోగలగాలి, దాని మీద కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోకుండా ఎక్కి దిగగలగాలి. అదీ ఇవాళ్టి టార్గెట్.

ముందు ఒక చిన్న క్లారిటీ. రాక్ క్లైంబింగ్ అనగానే మనకు తాడు, హార్నెస్, హెల్మెట్, కింద లోయ గుర్తొస్తాయి. బౌల్డరింగ్ దానికి తమ్ముడు లాంటిది. తాడు ఉండదు. నాలుగైదు మీటర్ల లోపు ఎత్తున్న గుండ్ల మీద ఎక్కుతాం. కింద క్రాష్ ప్యాడ్ అని మందపాటి పరుపు ఒకటి వేస్తాం. కాళ్లకు క్లైంబింగ్ షూస్, చేతులకు చాక్ పౌడర్. సామాను అంతే. ఇందులో ఎక్కే ఒక్కో దారిని "ప్రాబ్లం" అంటారు. నాలుగేళ్లు కోడ్ రాసినవాడిని కదా, నాకు మొదట నచ్చింది ఆ పేరే. ఒకే ప్రాబ్లం మీద మూడు వారాలు కొట్టుకుంటాం, ఒకరోజు ఎడమ కాలు రెండు అంగుళాలు జరిపితే టక్కున అయిపోతుంది. మేనేజర్ ఉండడు, డెడ్‌లైన్ ఉండదు.

ఇదేదో టైంపాస్ ఆట అనుకోకండి. టోక్యో ఒలింపిక్స్‌తో, అంటే 2021లో, స్పోర్ట్ క్లైంబింగ్ ఒలింపిక్ క్రీడ అయింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో బౌల్డరింగ్‌కి విడిగా మెడల్ ఉంటుంది. వేరే దేశాల్లో పిల్లలు ప్లాస్టిక్ పట్టులు బిగించిన గోడల మీద నేర్చుకుంటున్నారు. మనకేమో అసలు రాయి ఇంటి వెనకాలే ఉంది.

మన రాయి కథ

హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు పైకి లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్లు దాటింది అంతే. అంటే మన గుట్టల ముందు హిమాలయాలు చంటిపిల్లలు అన్నమాట.

ఈ రాళ్లను ఎవరో పేర్చినట్టు, ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటాయి కదా. ఎవరూ పేర్చలేదు, ఎక్కడి నుంచో దొర్లుకుంటూ రాలేదు. ఎక్కడివి అక్కడే తయారయ్యాయి. భూమి లోపల చల్లబడిన పెద్ద గ్రానైట్ ముద్దకి నిలువుగా, అడ్డంగా నెర్రెలు పడ్డాయి. ఆ నెర్రెల్లోకి నీళ్లు దిగాయి. నీళ్లు ముందు తినేది మూలల్ని. ఎందుకంటే మూల దగ్గర రెండు మూడు వైపుల నుంచి పని జరుగుతుంది. అలా చదరంగా ఉన్న దిమ్మెలు మెల్లగా గుండ్రమయ్యాయి. చుట్టూ మెత్తబడిన భాగమే మనం రోడ్లకు, ఇళ్ల పునాదులకు పోసే మొరం. వానలకు ఆ మొరం కొట్టుకుపోయింది, గట్టి గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలాయి.

ఇదంతా జియాలజీ క్లాస్ కోసం చెప్పట్లేదు. ఎక్కేవాళ్లకి పనికొచ్చే విషయాలు ఇందులోనే మూడు ఉన్నాయి. ఒకటి, మన గుండ్లకి పట్టుకోవడానికి పెద్ద పెద్ద అంచులు తక్కువ. గుండ్రంగా ఉంటాయి కాబట్టి చేతుల బలం కన్నా కాళ్ల మీద నమ్మకం ఎక్కువ కావాలి. రెండు, గ్రానైట్‌లో గులాబీ రంగు, బూడిద రంగు స్ఫటికాలు ఉంటాయి చూశారా, అవే మనకు మెట్లు. గోరంత స్ఫటికం మీద బొటనవేలు పెట్టి మనిషి మొత్తం లేవొచ్చు. మూడు, ఈ రాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెచ్చులూడుతుంది. పైకి గట్టిగా కనిపించే పెచ్చు వెనకాల ఖాళీ ఉండొచ్చు. అందుకే లాగే ముందు వేలి కణుపుతో తట్టి చూడాలి. గట్టి రాయి చప్పుడు మొద్దుగా ఉంటుంది. డొల్లగా ఉంటే డప్పులా మోగుతుంది. డప్పు మోగితే దాన్ని వదిలేయండి.

పేర్లలోనే మ్యాప్ ఉంది

ఇప్పుడు అసలు పాయింట్. రాళ్లు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

మొదటి టూల్ మన తెలుగే. మనవాళ్లు రాయిని "రాక్" అని ఒకే మాటతో వదిలేయలేదు. పరుచుకుని ఉంటే బండ. గుండ్రంగా ఉంటే గుండు. గుండ్లన్నీ కుప్పగా ఉన్న చిన్న కొండ గుట్ట. అంతకన్నా పెద్దది కొండ. క్లైంబింగ్ భాషలో చెప్పాలంటే బండ అంటే స్లాబ్, గుండు అంటే బౌల్డర్. ఇవన్నీ ఊళ్ల పేర్లలో కూర్చున్నాయి. మేడ్చల్ వైపు గుండ్లపోచంపల్లి. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు బండరావిర్యాల. మాదాపూర్ పక్కనే గుట్టల బేగంపేట. అంతెందుకు, గోల్కొండ అనే పేరే గొల్లకొండ నుంచి వచ్చిందంటారు. ఐటీ కారిడార్‌లో మనం రోజూ బస్సెక్కే స్టాపుల పేర్లు ఒకసారి గట్టిగా చదవండి, సగం రాళ్ల గురించే చెప్తాయి.

పేరు ఉందంటే రాయి ఇంకా ఉందని గ్యారంటీ లేదు. బండరావిర్యాల వైపు వెళ్తే కనిపించేవి క్వారీలు, క్రషర్లు. పేరు మాత్రం మిగిలింది. అందుకని రెండో టూల్, శాటిలైట్ మ్యాప్. ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. ఔటర్ రింగ్ రోడ్ పొడవు 158 కిలోమీటర్లు. దాని వెంట వేలితో మెల్లగా జరుపుకుంటూ వెళ్లండి. పచ్చటి పొదల మధ్యలో లేత బూడిద రంగు చుక్కలు, వాటి పక్కన నల్లటి నీడలు కనిపిస్తే అవి గుండ్లు. నీడ ఎంత పొడుగ్గా ఉంటే రాయి అంత ఎత్తు. నీడ లేకుండా లేత రంగు మచ్చ మాత్రమే ఉంటే అది బండ. తెల్లగా, మెట్లు మెట్లుగా, మధ్యలో నీళ్ల గుంటతో ఉంటే అది క్వారీ. దాని జోలికి వెళ్లకండి. క్వారీ గోడ పేలుళ్లకు లోపల చిట్లి ఉంటుంది, ఎప్పుడు ఏ ముక్క ఊడుతుందో చెప్పలేం. తర్వాత టెర్రెయిన్ వ్యూకి మార్చి కాంటూర్ గీతలు చూడండి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నిటారుగా ఉందని అర్థం. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్ కూడా ఫ్రీగానే వాడుకోవచ్చు.

మూడో టూల్ మనుషులు. ఇదే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఊరి దగ్గర టీ కొట్టులో ఆగండి, టీ తాగండి, అడగండి. గొర్రెలు కాసేవాళ్లకు తెలియని సందు ఆ గుట్టలో ఉండదు. ఏ పక్క నుంచి ఎక్కితే దారి ఉంది, ఎక్కడ తేనెతుట్టె ఉంది, ఎక్కడ పాములు తిరుగుతాయి, అన్నీ చెప్తారు. ఇంకొకరు రాయి కొట్టే వడ్డెర మేస్త్రీలు. రాయిని చూసి అది ఏ వైపు చీలుతుందో చెప్పేస్తారు. ఏ పెచ్చు నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు అని ఒక మేస్త్రీ నాకు పావుగంటలో చెప్పింది ఏ ట్యుటోరియల్‌లోనూ లేదు.

ఈ గుట్ట ఎవరిది?

రాయి కనిపించింది. వెంటనే షూస్ కట్టేసుకోవడమేనా? ఆగండి. రాయి దొరకడం ఈజీ. అదే రాయి దగ్గరికి వచ్చే ఏడాది కూడా వెళ్లగలగడం కష్టం. ఆ తేడా అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. ఈ గుట్ట ఎవరిది?

మన చుట్టూ ఉన్న ప్రతి గుట్టకీ ఎవరో ఒకరు ఉంటారు. కొన్ని రిజర్వ్ ఫారెస్ట్. అక్కడికి అటవీ శాఖ పర్మిషన్ లేకుండా వెళ్లకూడదు. కొన్ని మిలిటరీ స్థలాలు. బోర్డు కనిపిస్తే ఫోటో కూడా తీయకుండా వెనక్కి తిరిగేయండి. కొన్ని పట్టా భూములు. ఓనర్ ఎవరో ఊళ్లో అడిగితే తెలుస్తుంది, అడిగితే చాలామంది సరే అంటారు. అడక్కుండా కంచె దూకితే మీ తర్వాత వచ్చే పదిమందికీ దారి మూసుకుపోతుంది. మిగిలినవి ప్రభుత్వ భూములు, ఊరి మేత భూములు. సర్వే నంబర్ తెలిస్తే భూమి రికార్డుల పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఇంకొకటి, దేవుడు. మన దగ్గర గుట్ట ఉందంటే దాని మీద గుడో, దర్గానో, సమాధో, చిన్న మైసమ్మ రాయో ఉంటుంది. మౌలాలీ గుట్ట చూడండి, పైన దర్గా. బొట్టు పెట్టిన రాయి, జెండా కట్టిన రాయి, సున్నం వేసిన రాయి, దీపం పెట్టిన గూడు, వీటిని ఎక్కకూడదు. వాటి పక్కన షూస్ వేసుకుని పాటలు పెట్టి గోల చేయకూడదు. "రూల్ ఎక్కడ రాసుంది?" అని అడిగేవాళ్లుంటారు. రాసి ఉండదు. మన ఇంట్లో దేవుడి గూటి మీద కాలు పెట్టొద్దని కూడా ఎక్కడా రాసి ఉండదు కదా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇప్పుడు పేర్లు. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మొదటిది ఖాజాగూడ గుట్టలు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి పక్కనే. సిటీలో క్లైంబర్లు చాలా ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్న చోటు ఇది. లోపల గుహ ఉంది, బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. వాటి చుట్టూ వందల గుండ్లు. మొదటిసారి ఒంటరిగా వెళ్లకుండా రెగ్యులర్‌గా వెళ్లే గ్రూప్‌తో వెళ్లండి. ఏ ప్రాబ్లం ఈజీ, ఏ రాయి దిగడానికి వెనకాల దారి ఉంది, వాళ్లకు తెలుసు. వారం వారం పరిస్థితి మారుతుంటుంది కాబట్టి వెళ్లే ముందు ఎంట్రీ సంగతి కనుక్కోండి.

రెండోది భువనగిరి. వరంగల్ రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు. ఆ కొండ మొత్తం ఒకే రాయి, గుడ్డు పడుకోబెట్టినట్టు ఉంటుంది. పైన చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద కోట. ఇది బౌల్డరింగ్ చోటు కాదు, తాడుతో నేర్చుకునే చోటు. అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. మాలావత్ పూర్ణ పేరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఖమ్మం వైపు అబ్బాయి ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిల్లో అతి చిన్న వయసు అదే. వాళ్ల ట్రైనింగ్ మొదలైంది ఈ భువనగిరి రాయి మీదే. "మనకు ఫెసిలిటీస్ లేవు బ్రో" అనేవాళ్లకు నేను చెప్పే ఒకే ఒక్క మాట ఇది.

మూడోది, ఎక్కడానికి కాదు, చూడటానికి. సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి మన రాళ్ల కోసం పనిచేస్తోంది. వాళ్ల రాక్ వాక్స్‌కి ఒకసారి వెళ్లండి. వాళ్ల కృషి వల్ల హుడా కాలంలోనే తొమ్మిది శిలా సమూహాలు వారసత్వ జాబితాలోకి వచ్చాయి. శిల్పారామంలో బేర్స్ నోస్, జూబ్లీహిల్స్‌లో టోడ్‌స్టూల్, దుర్గం చెరువు గుట్టలు, సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్, ఇలా. మీరు శిల్పారామానికి ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు? ఆ ఎలుగుబంటి ముక్కు రాయి ముందు ఎప్పుడైనా ఆగారా? ఈ సంస్థ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన నరేంద్ర లూథర్ గారు ఐఏఎస్ అధికారిగా పనిచేసినాయన, హైదరాబాద్ చరిత్ర రాసినాయన. బంజారాహిల్స్‌లో తన స్థలంలో ఉన్న రాయిని పగలగొట్టించకుండా దాన్ని లోపల ఉంచుకునే ఇల్లు కట్టుకున్నారు. రాయి అడ్డం కాదు, అది కూడా ఇంట్లో మనిషే అన్నట్టు.

బెంగళూరులో ఉన్న మనవాళ్లు ఫీలవకండి. మీకు తురహళ్లి, రామనగర ఉన్నాయి. రామనగర అంటే షోలే సినిమా తీసిన రాళ్లు. కాస్త చేయి తిరిగాక అందరం కలిసేది హంపి. అక్కడి బౌల్డరింగ్ ప్రపంచానికి తెలిసింది 2003లో క్రిస్ షర్మా వచ్చి ఎక్కిన పిలిగ్రిమేజ్ అనే ఫిల్మ్‌తో. క్లైంబింగ్ ఎక్కువగా తుంగభద్ర అవతలి ఒడ్డున, సనాపూర్ వైపు. కట్టడాల మీద, వాటి చుట్టుపక్కల రాళ్ల మీద చేయి వేయొద్దు. అది యునెస్కో వారసత్వ ప్రాంతం. బాదామి మాత్రం ఇసుకరాయి. వాన పడ్డాక ఇసుకరాయి లోపల తడిసి బలహీనమవుతుంది, పట్టులు విరిగిపోతాయి. పూర్తిగా ఆరేదాకా ఎక్కకండి. మన గ్రానైట్‌కి ఆ బాధ లేదు, జారుతుంది అంతే.

ఎక్కే ముందు, ఎక్కేటప్పుడు

ఇది స్కిప్ చేయకండి ప్లీజ్.

సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి. పొద్దున్నే ఆరింటికి రాయి దగ్గర ఉండాలి, పదింటికల్లా సర్దేయాలి. చలిలో రాయి, రబ్బర్ బాగా పట్టుకుంటాయి. ఎండలో చేతులు చెమటపడతాయి, చర్మం ఊడిపోతుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం బండ మీద చేయి పెట్టి చూడండి, దోసె వేసుకోవచ్చు.

ముగ్గురి కన్నా తక్కువ మంది వెళ్లొద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఒకరు సాయం కోసం వెళ్లాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. అమ్మాయిలకు ఇంట్లో పర్మిషన్ దొరకడం ఇంకా కష్టమని నాకు తెలుసు. నా గ్రూప్‌లో ఒక అమ్మాయి వాళ్ల నాన్నగారిని ఒక ఆదివారం నేరుగా గుట్ట దగ్గరికే తీసుకొచ్చింది. ఆయన టిఫిన్ బాక్స్ పట్టుకుని రాయి మీద కూర్చుని రెండు గంటలు చూశారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆపలేదు. చూపించండి, దాచకండి.

రాయి ఎక్కే ముందు దాని చుట్టూ ఒక రౌండ్ తిరగండి. దిగే దారి ఎక్కడ? ఇది ముందు తేలాలి. పైకి వెళ్లడం కన్నా కిందకి రావడం కష్టం. చాలామంది ఇరుక్కునేది పైనే. కింద నేల చూడండి, మొనదేలిన రాళ్లు తీసేయండి, ప్యాడ్ పడే చోట వేయండి. ప్యాడ్ ఖరీదైన వస్తువే. ఐదారుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ఇంట్లో పరుపు తెస్తే సరిపోదు, దాని మీద మడమ మెలిపడుతుంది.

కింద నిలబడ్డవాళ్లను స్పాటర్ అంటారు. వాళ్ల పని పడేవాణ్ణి సినిమాలో హీరోలా చేతుల్లో పట్టుకోవడం కాదు. నడుం దగ్గర చేయి వేసి, తల నేలకు తగలకుండా ప్యాడ్ వైపు మళ్లించడం. ఫోన్ పట్టుకుని రీల్ తీసేవాడు స్పాటర్ కాదు. ఈ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వొద్దు. పడేటప్పుడు మోకాళ్లు వంచండి, వెనక్కి దొర్లండి, చేతులు వెనక నేల మీద ఆన్చకండి. మణికట్లు విరిగేది అక్కడే.

బండ మీద ఎక్కేటప్పుడు భయంతో అందరూ చేసే పని ఒకటే, రాయిని కౌగిలించుకోవడం. అలా వంగితే బరువు పాదాల మీద నుంచి పోతుంది, జారతారు. నిటారుగా నిలబడండి, మడమలు కిందకి దించండి, బరువంతా పాదం ముందు భాగం మీద వేయండి. మన మెదడు వద్దంటుంది. రాయి మాత్రం పట్టుకుంటుంది.

గ్రేడ్ల గురించి ఇప్పుడే కంగారు పడకండి. వీ జీరో నుంచి పైకి వెళ్లే ఒక స్కేల్ ఉంది. అమెరికాలో టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ అనే చోట జాన్ షెర్మన్ అనే క్లైంబర్ పెట్టింది. ఆయన ముద్దుపేరు వెర్మిన్, ఆ "వీ" అక్కడిదే. మొదటి మూడు నెలలు నంబర్ మర్చిపోయి, మీరు కిందకి సేఫ్‌గా దూకగలిగే ఎత్తులోనే ఆడుకోండి.

పాములకు మనమంటేనే భయం. కాళ్లు నేలకు తట్టుకుంటూ నడవండి, కనపడని సందులో చేయి పెట్టకండి. తేనెటీగల విషయంలో మాత్రం ధైర్యం చేయొద్దు. కొండ తేనెటీగల తుట్టెలు వంగిన రాళ్ల కింద వేలాడతాయి. తుట్టె కనిపిస్తే ఆ రోజు ఆ రాయి క్యాన్సిల్. ఘాటైన సెంట్లు, పొగ, అరుపులు వద్దు. వెంటపడితే ముఖం కప్పుకుని పరుగెత్తండి, వాటిని కొడుతూ నిలబడకండి. దెబ్బ తగిలితే 108. గుట్ట దగ్గర సిగ్నల్ ఉందో లేదో ఎక్కకముందే చూసుకోండి.

తాడుతో ఎక్కడం మాత్రం వీడియో చూసి నేర్చుకోకండి. నా వీడియో చూసి అసలు నేర్చుకోకండి. దానికి మనిషి పక్కన ఉండి నేర్పాలి.

లొకేషన్ ఎందుకు పెట్టను?

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన విషయానికి వద్దాం.

ఔటర్ దాటాక ఉత్తరం వైపు ఒక ఊరి దగ్గర గుట్ట ఉంది. ఊరి పేరు చెప్పను. నేనూ నా ఫ్రెండ్సూ మూడేళ్ల కింద మ్యాప్‌లో నీడలు చూసి వెతుక్కున్న చోటు. మొదటి రోజే గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు ఎదురొచ్చారు. "ఏడికి వోతున్రు బిడ్డా? గుప్తనిధుల కోసమా?" అని అడిగారు. కాదు తాతా, ఎక్కడానికి అన్నాం. "ఎక్కి?" అన్నారు. "దిగుతాం" అన్నాం. చాలాసేపు నవ్వారు. తర్వాత మా వెంటే తిరిగి ఒక్కో రాయి పేరూ చెప్పారు. ఏనుగు గుండు. జోడు గుండ్లు. దొంగల బండ. వానొస్తే గొర్రెలతో సహా తలదాచుకునే సందుకి కూడా పేరుంది. మేము ఆ ప్రాబ్లమ్స్‌కి ఇంగ్లిష్ పేర్లు పెట్టాలని నోట్స్ రాసుకుని వెళ్లాం. ఆ నోట్స్ పక్కన పెట్టి ఆయన చెప్పిన పేర్లే ఉంచేశాం.

పోయిన చలికాలం వెళ్తే జోడు గుండ్లలో ఒకటి లేదు. ఉన్న చోట వరుసగా డ్రిల్లింగ్ రంధ్రాలు, తెల్లటి పొడి. అడిగితే తెలిసింది, ఆ పక్క లీజుకి ఇచ్చారట. కాగితాలు సరిగానే ఉన్నాయి. ఎవరిమీదా కోప్పడటానికి కూడా ఏమీ లేదు. మా ఇంట్లో వంటగది ప్లాట్‌ఫారమ్ గ్రానైటే, మీ అపార్ట్‌మెంట్ పునాదిలో ఉన్న కంకరా అదే. రాయి కొట్టి బతికే కుటుంబాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి. అది వాళ్ల అన్నం. "క్వారీలు అన్నీ మూసేయండి" అని నేను ఏసీ గదిలో కూర్చుని చెప్పలేను. కానీ జోడు గుండ్లు అనే పేరున్న రాయి ఒకటి పోయినట్టు ఏ రికార్డులోనూ ఉండదు. ఆయనకు తెలుసు, మాకు తెలుసు, మా ఫోన్‌లో ఇరవై ఫోటోలు ఉన్నాయి. అంతే.

నా తలనొప్పి ఇక్కడే. లొకేషన్ పెడితే ఏమవుతుందో మీకూ తెలుసు. మొదటి నెల క్లైంబర్లు వస్తారు, రెండో నెల పార్టీ బ్యాచ్ వస్తుంది. బీరు సీసాలు పగులుతాయి, రాళ్ల మీద స్ప్రే పెయింట్‌తో లవ్ సింబల్స్ పడతాయి, గొర్రెల కాళ్లకు గాజు పెంకులు గుచ్చుకుంటాయి. ఊరివాళ్లు విసిగి దారి మూసేస్తారు. వాళ్ల తప్పేం లేదు. అందుకని దాచేద్దామా? దాచితే ఇంకొకటి అవుతుంది. ఎవరికీ తెలియని రాయి పోతే ఎవరూ అడగరు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయం అంత పెద్దదైంది, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అక్కడ రోజూ తిరిగే స్టూడెంట్స్‌కి ఏ చెట్టు ఎక్కడుందో, ఏ రాయి ఎక్కడుందో తెలుసు కాబట్టే గొడవ బయటికొచ్చింది. తెలిసినవాళ్లు లేని గుట్టకి ఆ చాన్స్ కూడా లేదు.

కాబట్టి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. అదే కరెక్ట్ అని అనను, నచ్చితే మీరూ తీసుకోండి. పిన్ ఇంటర్నెట్‌లో పెట్టను, మనుషుల్ని తీసుకెళ్తాను. ప్రతి ట్రిప్‌కి ఇద్దరు కొత్తవాళ్లు. వాళ్లు ముందు ఆ పెద్దాయనకి నమస్తే పెట్టాలి, తర్వాత ఒక గోనెసంచి చెత్త ఏరాలి, అప్పుడే షూస్ వేసుకోవాలి. రెండేళ్లలో అలా ఒక యాభై మందికి ఆ గుట్ట తెలిసింది. పిన్ పెట్టి ఉంటే యాభై వేల మంది చూసేవారు, ఒక్కరికీ ఏనుగు గుండు పేరు తెలిసేది కాదు.

మీకు చిన్న పని

ఈ వారం కోసం ఒక పని ఇస్తున్నాను. ఎక్కక్కర్లేదు. షూస్, ప్యాడ్ ఏమీ అక్కర్లేదు. మీ ఇంటికి లేదా మీ సొంతూరికి దగ్గర్లో ఉన్న ఒక గుట్టను ఎంచుకోండి. హైదరాబాద్ అక్కర్లేదు. నల్గొండ కావచ్చు, మహబూబ్‌నగర్ కావచ్చు, గుత్తి, పెనుకొండ వైపు కావచ్చు. ఆ గుట్ట పేరేంటో అమ్మమ్మనో, తాతయ్యనో, అక్కడ టీ కొట్టు నడిపే అన్ననో అడగండి. దాని మీద ఉన్న ఒక్కో రాయికి పేరుందా అని అడగండి. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీయండి, తేదీ, పేరు రాసి దాచుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా ఆ రాయి మీద కథ తెలిస్తే ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఐదు నిమిషాల పని.

ఎక్కడం ఆ తర్వాత నేర్చుకోవచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో క్లైంబింగ్ షూస్ ఎలా కొనాలి, సైజు ఎలా చూసుకోవాలి, మొదటి నెల వేళ్లకి దెబ్బ తగలకుండా ఏం ప్రాక్టీస్ చేయాలి అనేవి చూద్దాం. ఈ ఆదివారం గుట్టకి వెళ్లేవాళ్లు మంచినీళ్లు రెండు లీటర్లు ఎక్కువ పట్టుకెళ్లండి, అక్కడ గొర్రెలు కాసేవాళ్లకీ దాహం వేస్తుంది.